పాప ఏడవని సినిమా

ఆ ఇంట్లో సినిమాలకు అసలు పేర్లు నిలవవు. తీసినవాళ్లు ఏ పేరు పెట్టుకున్నా సరే, ఈ కుటుంబం చూసి ఇంటికి వచ్చేసరికి దానికి ఇంకో పేరు పడిపోయి ఉంటుంది. మామగారు కొత్త గొడుగును సీటు కింద మరిచిపోయి వచ్చినది ‘గొడుగు పోయిన సినిమా’. హాలు మెట్ల మీద ఆడపడుచు చెప్పు తెగింది కాబట్టి ఇంకొకటి ‘చెప్పు తెగిన సినిమా’. అందులో పాపం హీరో ఇద్దరు అన్నదమ్ముల్నీ యుద్ధంలో పోగొట్టుకుని కుళ్లి కుళ్లి ఏడుస్తాడు. ఈ ఇంట్లో ఎవరికీ అతని మీద జాలి లేదు. ఆ చెప్పు గుర్తుకొచ్చి పడీ పడీ నవ్వుతారు.

ఈ పేర్లతోనే ఆదివారం భోజనాలయ్యాక ‘గొలుసు’ ఆడతారు. ఒకరు ఒక సినిమా చెబుతారు. అందులో నటించిన ఎవరో ఒకరు ఇంకే సినిమాలో ఉన్నారో చూసుకుని పక్కవాళ్లు ఆ సినిమా చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, ఎక్కడ చూశారు, ఎవరితో చూశారు, ఆ రోజు ఏం జరిగింది, అదీ చెప్పాలి. లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన మామగారే అంపైరు. సినిమా మొత్తం కళ్లతో చూసి ఉండాలన్నది ఆయన పెట్టిన రూలు. గొలుసు తెంపినవాళ్లు అందరికీ టీ పెట్టాలన్నది ఇంకో రూలు. ఎవరు తెంపినా చివరికి టీ పెట్టేది కోడలే కనుక ఈ రెండో రూలుకు ఎవరూ భయపడరు.

ఆ ఆదివారం ఆట మంచి జోరు మీద ఉంది. భర్త పని మీద వేరే ఊరు వెళ్లాడని ఆడపడుచు నాలుగు రోజులుండి పోదామని పుట్టింటికి వచ్చింది. ఆమె చంటివాడు, అందరికీ బుడ్డోడు, చాప మీద బోర్లాపడి ఒక గరిటెను చప్పరిస్తున్నాడు. గొలుసు తిరిగి తిరిగి గొడుగు పోయిన సినిమా దగ్గరికొచ్చి ఆగింది. హీరో అయిపోయాడు, హీరోయిన్ అయిపోయింది, హీరో తండ్రిని కూడా అరగదీసేశారు.

“ఇక ఎవరూ లేరు నాన్నా. టీ పెట్టించెయ్యి,” అన్నాడు కోడలి భర్త, ఒళ్లు విరుచుకుంటూ.

కోడలు బల్ల తుడుస్తోంది. తుడుస్తూనే అంది: “లాయరు ఉన్నాడుగా, బొంగురు గొంతు. లైట్‌హౌస్ సినిమాలో పడవవాడు కూడా అతనే.”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఆటలో ఉందని ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే ఆమెకూ తెలియదు.

“లైట్‌హౌస్ సినిమా ఏది వదినా?” అంది ఆడపడుచు.

“అదేనే, పాప ఏడవని సినిమా!” భర్త నిటారుగా కూర్చున్నాడు. “అబ్బ, ఏం సినిమా! దీనికప్పటికి ఏడాది కూడా నిండలేదు. సినిమా మొత్తంలో కిక్కురుమంటే ఒట్టు. అంత హాయిగా నేను ఏ సినిమా చూళ్లేదు.”

దీనికి అన్నది కూతురిని. ఇప్పుడు తల్లి భుజం దాటి ఎదిగిన కూతురు జడ వెనక్కి విసిరి, “చూశావా తాతయ్యా, నేను అప్పట్నించే బుద్ధిమంతురాల్ని,” అంది.

మామగారు కళ్లజోడు సర్దుకున్నారు. “పడవవాడు ఎప్పుడు వస్తాడమ్మాయ్?”

“ఇంటర్వెల్ తర్వాత, మామయ్యగారూ.”

“చూశావా?”

“గొంతు విన్నాను. బయట వరండాలోకి బాగానే వినిపించింది.”

“వరండాలో ఏం చేస్తున్నావు?” అన్నాడు భర్త.

ఎగతాళికి అడిగింది కాదు. నిజంగానే తెలియక అడిగాడు. అందుకే కోడలి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“పాపని ఎత్తుకుని తిరుగుతున్నాను. హీరోయిన్ పడవెక్కింది, పాప ఏడుపు మొదలెట్టింది, నేను లేచి వెళ్లాను. మళ్లీ లోపలికి రాలేదు.”

“కాసేపు వెళ్లి ఉంటావులే,” అన్నాడు ఆయన తేలిగ్గా.

“అయితే చూసినట్టు కాదమ్మాయ్,” అన్నారు మామగారు, పిల్లలకు మార్కులు తగ్గించేటప్పటి కంఠంతో. “విన్నది లెక్కలోకి రాదు. నీ మీద కోపం కాదు, రూలు రూలే. గొలుసు తెగింది. టీ!”

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు, అదే ఆమె ఖర్మ. చెడు ఉంటే ఒక మాట అనడానికైనా వీలుండేది. కోడలు వంటింట్లోకి వెళ్లి నీళ్లూ పాలూ పెట్టింది. పాలు పొంగి స్టవ్ మీద పడేదాకా చూస్తూ నిలబడింది. ఆమె దగ్గర బోలెడు సినిమాలున్నాయి, కానీ అన్నీ ముందు సగాలే. రెండో సగాలన్నీ ఏదో ఒక హాలు తలుపుకు అవతలే ఉండిపోయాయి. ఇన్నేళ్లూ దాని గురించి ఆమె పెద్దగా అనుకోలేదు, పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు లేవాలి కదా అని. కానీ లేచిన సంగతి కూడా వాళ్లకు తెలియదని మాత్రం ఆమెకు ఇవాళే తెలిసింది.

మర్నాడు పనిలో ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. ఆమె పనిచేసేది కట్టుడు పళ్లు చేసే ల్యాబులో. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక దాని మీద గులాబీ రంగు మైనాన్ని చిగుళ్లలా మలిచి, అందులో ఒక్కో పన్నూ నిలబెట్టాలి. స్పిరిటు దీపం మీద చాకు వేడి చేసి, పన్ను మొదట్లో మైనం కొద్దిగా కరిగించి, బొటనవేలితో నొక్కి, కింది వరసతో కలుస్తోందో లేదో మూసి చూసుకోవాలి. ముందుపళ్లు మరీ వరసగా పెడితే పెట్టుడువని ఇట్టే తెలిసిపోతుంది. ఏదో ఒకదాన్ని రవ్వంత పక్కకు తిప్పాలి. అలా తిప్పడంలో ఆమెకు మంచి పేరుంది. ఇవాళ ఎంత తిప్పినా పన్ను మొండికేసింది. తీసి పెట్టింది, పెట్టి తీసింది, చివరికి చాకు ఎక్కువ వేడెక్కి చిగురు కాస్తా కారిపోయింది.

“ఏమ్మా, ఆ నోరు నిన్నేమైనా అందా?” అన్నాడు ల్యాబు పెద్దాయన, ఎదురు బల్ల మీద ఒక సెట్టును అరగదీస్తూ. ఆయన పని చేస్తున్నంతసేపూ మాట్లాడతాడు. మాటల్లో మాటగా, కాలేజీ పక్కనున్న పాత హాల్లో ఈ వారమంతా పాత సినిమాలు వేస్తున్నారనీ, నిన్న తాను వెళ్తే పక్క సీటాయన తనకంటే గట్టిగా ఏడ్చాడనీ చెప్పాడు. ఏ రోజు ఏ సినిమానో వరసగా చెబుతూ గురువారం దగ్గరికొచ్చేసరికి కోడలు తలెత్తింది.

“లైట్‌హౌస్ ఉండేదేనా అండీ? అమ్మాయి పడవెక్కి వెళ్లిపోతుంది?”

“అదే. ఒక్క మ్యాట్నీయే.”

అప్పుడు చూసింది కూడా ఆ హాల్లోనే. కోడలు చాకు కింద పెట్టి, గురువారం మధ్యాహ్నం తనకు సెలవు కావాలని అడిగింది. పెద్దాయన మిషను ఆపేశాడు. ఆమె సెలవడిగితే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క.

“ఎవరికేమైంది?”

“ఎవరికీ ఏం కాలేదండీ. సినిమా చూడాలి.”

ఆయన ఒక క్షణం ఆమె మొహం చూసి నవ్వేశాడు. “వెళ్లిరా తల్లీ. నోట్లో లేని పళ్లు ఒక పూట ఆగలేవా?”

ఆ మధ్యాహ్నం పన్ను మాట విన్నది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ దారి పొడుగునా కోడలు ఒకే వాక్యాన్ని సరిచేసుకుంది. గురువారం సినిమాకి వెళ్తున్నాను. కాదు, నేను గురువారం సినిమాకి వెళ్తున్నాను. ఆ ‘నేను’ అన్నది గట్టిగా పడాలి. భోజనాల దగ్గర అన్నది, గట్టిగానే పడింది.

“ఏ సినిమా?” అన్నాడు భర్త. చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. “పాప ఏడవని సినిమానా! మళ్లీ వేస్తున్నారా? అరె, అందరం వెళ్దాం!”

“నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నానండీ.”

“ఒక్కదానివా? సినిమాకి ఒక్కళ్లే వెళ్తారటే ఎవరైనా? చోద్యం కాకపోతే! నేనూ సగం రోజు సెలవు పెడతాను. నాన్నా, నువ్వూ రావాలి. చెల్లీ, నువ్వు ఇంట్లో ఉండి ఏం చేస్తావ్?” అప్పటికే ఫోను తీసి టికెట్లు చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, మంచి మనిషి. ఎవరికి ఏ చిన్న ఆనందం వచ్చినా దాన్ని పట్టుకెళ్లి ఇంటిల్లిపాదికీ పంచిపెట్టేస్తాడు. అసలు ఆ ఆనందం ఎవరిదో వాళ్లకు ఏం మిగిలిందో మాత్రం చూడడు.

“చంటివాడితో మూడు గంటలు హాల్లో కష్టమేమో,” అంది కోడలు, పళ్లెంలోకి చూస్తూ.

ఆడపడుచు మొహం చిన్నబోయింది. “అంటే నన్ను రావద్దంటావా వదినా? వీడు పుట్టాక నేను ఒక్క సినిమా చూస్తే ఒట్టు.”

“అది కాదు...”

“పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే ఉంటుంది,” అన్నారు మామగారు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన మజ్జిగ పోసుకుంటూ, “అయినా మన అమ్మాయి ఉందిగా, దాని చేతిలో ఎంతటి గడుగ్గాయైనా ఊరుకుంటాడు,” అని ముగించారు. మన అమ్మాయి అంటే కోడలు. పని పడ్డప్పుడు ఆయనకు ఆమె మన అమ్మాయే.

“అవును వదినా, నువ్వుంటే నాకు దిగుల్లేదు,” అని ఆడపడుచు తేలికపడింది.

“అయిపోయింది,” అని ఫోను పక్కన పెట్టాడు భర్త. “నీకు చివరి సీటు తీసుకున్నాను, తలుపు పక్కనే. లేచి వెళ్లాల్సి వస్తే ఎవరి కాళ్లూ తొక్కక్కర్లేదు. నీకు వీలుగా ఉంటుంది.”

కోడలు ఎంగిలి పళ్లేలు ఎత్తింది. ఏమంటుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. గిన్నెలు తోముతుంటే మాత్రం ఒక్కో గిన్నే అవసరానికి మించి చప్పుడు చేసింది. వెళ్తున్నది తన సినిమాకి, అడిగి తీసుకున్నది తన సెలవు. దానికి ఇప్పుడు మళ్లీ తానే ఆయా. వెళ్లడం మానేద్దామా అనుకుంది. మానేస్తే బుడ్డోణ్ణి చూసుకోమని వదిలేసి మిగతా అందరూ వెళ్లి వస్తారు. ఆ ఊహతో చేతిలో ఉన్న మూకుడు సింకులోకి జారింది.

గురువారం హాలు సగం కూడా నిండలేదు. లోపలి నుంచి మామగారు, ఆడపడుచు, భర్త, కూతురు, చివర్న తలుపు పక్కన కోడలు. దీపాలు ఆరిపోగానే ఆమె చెప్పులు విడిచి కాళ్లు సీటు మీదికి ముడుచుకుంది. ఇంట్లో ఎప్పుడూ అలా కూర్చోదు.

మొదటి సగం ఆమెకు తెలిసిందే. దీవి, లైట్‌హౌస్, దాన్ని చూసుకునే మొహమాటస్తుడు, పక్కింటి గయ్యాళి అమ్మాయి, వాళ్ల తగవులు. అమ్మాయి పెట్టె సర్దుకుని పడవెక్కింది. కోడలి వీపు దానంతటదే నిటారైంది. అలవాటు చెడ్డది, ఒడిలో ఎవరూ లేకపోయినా లేవబోయింది. ఇంటర్వెల్ దీపాలు వెలిగేసరికి బుడ్డోడు తల్లి ఒళ్లో నోరు తెరిచి నిద్రపోతున్నాడు. అందరూ పాప్‌కార్న్ తిన్నారు. ఆమె సీట్లోంచి కదల్లేదు.

రెండో సగం మొదలైంది. తెర మీద పొగమంచు, అందులోంచి బొంగురు గొంతు. కోడలు ముందుకు వంగింది. పడవవాడి మొహం కనిపించింది. లాయరు కాదు. ఎవడో బక్కపలచటి మనిషి, నెత్తిన టోపీ, ఇంతకు ముందు ఏ సినిమాలోనూ చూసిన మొహం కాదు. ఇన్నేళ్లూ ఆ గొంతుకు ఒక లాయరు మొహం తగిలించుకుని తిరిగినందుకు ఆమెకు నవ్వొచ్చింది. కూతురు ఇటు తిరిగి, “ఏంటమ్మా?” అంది. “ఏం లేదు, తప్పు చెప్పాను,” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు బుడ్డోడు లేచాడు.

మొదట చిన్న మూలుగు. తర్వాత ఒక కేక. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగారు. ఆడపడుచు తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే పిల్లాణ్ణి ఎత్తి అన్న ఒళ్లో పెట్టింది. ఆయనా తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే కూతురికి అందించాడు. కూతురు తల్లికి అందించింది. అగ్గి అంటుకున్న ఇంటికి బకెట్లు అందించినట్టు బుడ్డోడు చేతులు మారి, ఆ వరస చివర్న కోడలి ఒళ్లో పడ్డాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనే లేదు, అది అంత ఆనవాయితీ.

ఆమె వాడి వీపు రాసింది. వాడి మీద ఆమెకు ఏ కోపమూ లేదు. వెచ్చగా, చెమటతో, ఆమె మెడలో మొహం దాచుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తెర మీద అమ్మాయి పడవ దిగుతోంది. తలుపు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది, సందులోంచి వెలుతురు గీతలా పడుతోంది. లేచి నాలుగడుగులేస్తే చాలు, హాలంతటికీ ప్రశాంతం. ఆమె కాళ్లు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాయి.

“బయటికి తీసుకెళ్లవే, అందరూ చూస్తున్నారు,” అని భర్త కూతురు మీదుగా వంగి గుసగుసలాడాడు.

కాళ్లు ఆగిపోయాయి.

“మీరు తీసుకెళ్లండి,” అంది కోడలు.

“ఏంటి?”

“నేను ఈ సినిమా చూడాలండీ. మీరు తీసుకెళ్లండి.”

ఆమె గుసగుసలాడలేదు. మామూలు గొంతుతోనే అంది, అందుకే రెండు వరసలకు వినిపించింది. ఆడపడుచు మొదటిసారి తెర మీదినుంచి కళ్లు తిప్పింది. బుడ్డోడు మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా ఇంకా గట్టిగా అందుకున్నాడు.

“నేను తీసుకెళ్తాలే అమ్మా,” అని కూతురు లేవబోయింది.

కోడలు కూతురి మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలియలేదు. “నువ్వు లేవకు. కూర్చో. కూర్చుని సినిమా చూడు.”

కూతురు కూర్చుంది.

“సరేలేరా, నువ్వే వెళ్లు,” అన్నారు ఆ చివరి నుంచి మామగారు, ఆట చెడుతోందని విసుగ్గా. భర్త లేచాడు. కూతురి కాళ్లు తొక్కాడు, భార్య మోకాళ్లకు తగిలాడు, పిల్లాణ్ణి మూటలా చంకనేసుకుని తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. వెలుతురు ఒక్కసారి లోపలికి వచ్చి పోయింది.

కోరుకున్నది దొరికింది కదా, చూడొచ్చు కదా. చూడలేకపోయింది. ఆమె చెవులు రెండూ తలుపుకు అతుక్కుపోయాయి. వాడికి నిద్ర చాలలేదు, భుజం మీద బోర్లా వేసుకుంటే తప్ప ఊరుకోడు, ఆయనకేం తెలుసు? కన్నతల్లి ఆవిడ హాయిగా సినిమా చూస్తోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని తనను తాను తిట్టుకుంది. ఎన్నేళ్లు బయట నిలబడి లోపలి మాటలకు చెవులు రిక్కించింది! ఇవాళ లోపల కూర్చుని బయటి ఏడుపుకు చెవులు రిక్కిస్తోంది. ఈ బుద్ధి మీద ఆమెకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. లేచి వెళ్లి పిల్లాణ్ణి లాక్కుంటే కోపం చల్లారుతుంది. సీటు చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది.

తెర మీద ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన అమ్మాయి దీవిలో తిరుగుతోంది. లైట్‌హౌస్ దీపం ఇప్పుడు దానంతటదే వెలుగుతుందట, మనిషి అక్కర్లేదట. ఆ మొహమాటస్తుడు కింద బల్ల వేసుకుని, మెట్లెక్కి చూసేవాళ్లకు దారి చూపిస్తున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టి, అందరికీ చెప్పినట్టే ఆమెకూ మెట్లు జాగ్రత్త అని చెప్పాడు. అమ్మాయి ఆ మాట పట్టుకుని తగువేసుకుంది. ఇద్దరూ తగువాడుకుంటూనే మెట్లెక్కారు. ఆయాసంతో మధ్యలో ఆగారు, మళ్లీ తగువాడుకున్నారు. హాలంతా ఘొల్లుమంది. కోడలు కూడా నవ్వింది. నవ్వాక గమనించింది, తలుపు సంగతి మరిచిపోయి చాలాసేపయిందని.

పెద్ద గొప్ప సినిమా ఏం కాదు. మధ్యలో ఒక పాట అనవసరం, చివర్న వాళ్లు పెళ్లి చేసుకున్నారో లేదో కూడా సరిగా చెప్పలేదు. మెట్ల మీద కూర్చుని సముద్రం చూస్తుంటే అయిపోయింది. ఇంతేనా అనిపించింది. ఇంతే అని తెలుసుకోవడం కూడా ఆమెకు బాగుంది. ఎవరైనా అడిగితే ఇక ఇదీ కథ, ఇదీ చివర అని చెప్పగలదు, బాగాలేదని కూడా చెప్పగలదు. దీపాలు వెలిగాయి. మామగారు లేచి పంచె సర్దుకుని, “పద అమ్మాయ్,” అన్నారు. “మీరు పదండి మామయ్యగారూ, వస్తాను,” అంది. పేర్లు పడుతున్నాయి. పడవవాడి పేరు కోసం చూసింది, ఎవరో తెలియని పేరు. చివరి పేరు పోయి తెర తెల్లబడేదాకా కూర్చుని, చెప్పులేసుకుని బయటికి వచ్చింది.

వరండాలో భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు రేగిపోయింది. చొక్కా భుజం మీద చొంగతో తడిసి ఒంటికి అంటుకుంది. బుడ్డోడు ఆ భుజం మీదే ఒళ్లెరక్కుండా నిద్రపోతున్నాడు. ఆయన ఒక కాలు మీది బరువు ఇంకో కాలు మీదికి మార్చుకున్నాడు, వెంటనే మళ్లీ మొదటి కాలు మీదికి.

“అయిందా?” అన్నాడు. గొంతులో కోపం ఉంది, పిల్లాడు లేస్తాడేమోనన్న భయం దాన్ని అణిచేస్తోంది.

“అయిందండీ.”

“లోపల ఒక్కసారిగా అందరూ నవ్వారు, ఎందుకు?”

“మెట్లెక్కుతూ పోట్లాడుకుంటారు.”

“ఆఁ?” ఆయనకు గుర్తు రాలేదు, వదిలేశాడు. ఆడపడుచు చేతులు చాపితే, “కదపకు, ఇప్పుడే పడుకున్నాడు,” అని విసుక్కున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి తన గోడు మొదలుపెట్టాడు. “ఎంతసేపే! కిందకి దించితే లేస్తాడు, ఆగితే ఏడుస్తాడు. అటూ ఇటూ తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. పోనీ కాసేపు కూర్చుందామంటే ఇంత పెద్ద వరండాలో ఒక్క కుర్చీ లేదు.”

“లేదండీ,” అంది కోడలు. “అప్పుడూ లేదు.”

ఆయన వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూశాడు.